నలభై ఒక్క రాత్రుల ఖర్చు

ఆ రోజు ఆ ఇంట్లో అందరూ ఏడింటిదాకా నిద్రపోయారు. మొదటి వింత అదే.

రోజూ అయిదున్నరకల్లా వంటింట్లో గిన్నెలు కదిలేవి. కుళాయి కింద బకెట్టు నిండేది. ఆ చప్పుళ్లకు అలవాటుపడి ఇల్లాలు అలారం పెట్టుకోవడం కూడా మానేసింది. అలాంటిది ఆమెకు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీదికి ఎక్కేసింది. ఉలిక్కిపడి లేచి వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి చల్లగా ఉంది. రాత్రి కడిగి బోర్లించిన గిన్నెలు బోర్లించినట్టే ఉన్నాయి. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. దాని పక్కన స్టూలు మీద దిండు ఉంది. పనమ్మాయి లేదు. మేకుకు తగిలించి ఉండే ఆమె సంచీ లేదు. వీధి తలుపు గడియ తీసి, రెక్కలు మాత్రం జాగ్రత్తగా దగ్గరికి వేసి ఉన్నాయి.

"ఏమండీ! లేవండి! పనమ్మాయి పారిపోయింది!"

భర్త కళ్లు నులుముకుంటూ వచ్చాడు. అతను బస్సు డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసుకునే మనిషి. ముందు చాప వంక చూశాడు, తర్వాత తలుపు వంక చూశాడు, చివరికి గోడ గడియారం వంక చూసి, "ఏడూ పది" అన్నాడు.

పక్కగదిలోంచి అత్తగారి గొంతు సన్నగా వినపడింది. "ఎంతసేపు పిలవాలే? అది రాదేం? పక్కంతా తడిసిపోయింది."

అత్తగారు తుంటి ఎముక విరిగి అయిదు నెలలుగా మంచంలో ఉంది. కోడలు బట్టల కంపెనీలో కుట్లు తనిఖీ చేసే పని చేస్తుంది. చొక్కా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టిందంటే తప్పిన కుట్టు తనంతట తాను లేచి వచ్చి ఒప్పుకోవాల్సిందే. అందుకే కంపెనీలో అందరూ ఆమెను సూదికళ్లమ్మ అంటారు. అత్తగారు పడ్డాక మూడు నెలలు సెలవు మీద సెలవు పెట్టి తనే చూసుకుంది. ఆ తర్వాత సూపర్‌వైజరు, "అమ్మా సూదికళ్లమ్మా, నీ కళ్లు మాకు కావాలి కానీ, నీ సెలవు చీటీలు కాదు" అని తేల్చేశాడు. అప్పుడు కంపెనీ సొసైటీలో అప్పు తీసి ఏజెన్సీకి కట్టి, ఇంట్లోనే ఉండే మనిషిని పెట్టుకున్నారు. ఆ అప్పు కింద ఆమె జీతంలో నెలనెలా కోత పడుతుంది, పది నెలలపాటు. ఒక్క నెల కోతే అయింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి.

అత్తగారి పక్కబట్టలు మారుస్తున్నంతసేపూ సూదికళ్లమ్మ లెక్కలు వేసుకుంటూనే ఉంది. ఇక లేని మనిషి కోసం తొమ్మిది నెలలు కట్టాలి. ఇంకో మనిషిని పెట్టుకోవడానికి డబ్బు లేదు. సోమవారం పనిలోకి వెళ్లకపోతే ఉద్యోగమూ ఉండదు. ఇవాళ గురువారం.

కిందికి దిగి వాచ్‌మన్‌ను నిలదీసింది. "మా పనమ్మాయి పారిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

వాచ్‌మన్ తెల్లబోయాడు. "పారిపోవడమేంటమ్మా? నడిచే వెళ్లింది. ఆరు దాటింది అప్పటికే. మొహం కడుక్కుని, తల దువ్వుకుని శుభ్రంగా ఉంది. 'అన్నా, బస్సెక్కడ ఆగుతుంది' అంటే చూపించాను. 'ఏమ్మా, ఇంత పొద్దున్నే?' అన్నాను. 'రాత్రి బాగా నిద్రపట్టిందన్నా' అంది. నవ్వింది కూడానూ. మీరే పంపించారేమో అనుకున్నాను."

సూదికళ్లమ్మకు ఒళ్లు మండిపోయింది. "మా కొంప ముంచి, హాయిగా నిద్ర కూడా పోయిందట! విన్నారా?" అంది మెట్లెక్కుతూ, వినడానికి అక్కడ ఎవరూ లేకపోయినా.

*

ఏజెన్సీ ఆఫీసు అంటే ఒక ఫొటోస్టాటు దుకాణం పైన ఒకటే గది. గోడకు వరసగా బెంచీ, ఎదురుగా బల్ల, బల్ల వెనక ఏజెంటు. పక్కింటావిణ్ణి అత్తగారి దగ్గర కూర్చోబెట్టి మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. విషయం చెబితే ఏజెంటు కనీసం పెన్ను కూడా కింద పెట్టలేదు.

"ఎన్నో రోజు?" అన్నాడు.

"రాత్రితో నలభై ఒకటి."

"అయ్యో, ముప్ఫై దాటేసిందే! ముప్ఫైలోపు అయితే పైసా తీసుకోకుండా ఇంకో మనిషిని ఇచ్చేవాణ్ణి సార్. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ముప్ఫై దాటాక మనిషి చెప్పకుండా వెళ్లిపోతే కమిషను, ప్రయాణం ఖర్చు, డాక్టరు పరీక్ష, రెండు జతల బట్టలు, అన్నీ యజమానివే. ఆమె మీ ఇంట్లో లేదని రిజిస్టరులో పేరు కొట్టేయించడానికి రుసుం ఉంటుంది, అదీ మీదే."

"ఇదెక్కడి న్యాయమయ్యా?" భర్త గొంతు లేచింది. "వెళ్లిపోయింది ఆవిడ. డబ్బు కట్టేది మేమా? మేమేమన్నా కొట్టామా, తిట్టామా? మేం తినేదే పెట్టాం. పండక్కి కొత్త చీర కూడా అనుకున్నాం."

"అందరూ ఇదే అడుగుతారు సార్. నేనేం చెయ్యను? మనిషిని తేవడం నా పని. కట్టేసి ఉంచడం కాదు."

సూదికళ్లమ్మ బల్ల అంచు పట్టుకుని అడిగింది. "పోనీ, ఆవిడ మొదటి నెల జీతం మీ దగ్గరే ఉంచుకున్నారు కదా, ఆ డబ్బన్నా..."

"అది ఆఫీసు ఖర్చుల కింద జమ అయిపోయింది మేడమ్."

అంటే నెల రోజులు పనిచేసి ఆ మనిషి చేతికి ఏమీ రాలేదన్నమాట. ఆ సంగతి సూదికళ్లమ్మకు తట్టింది, తట్టి పక్కకు తప్పుకుంది. సొంత గాయం మండుతున్నప్పుడు ఎదుటివాళ్ల గాయం మీద చూపు ఎంతసేపు నిలుస్తుంది?

ఏజెంటు కాస్త ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ఏమన్నా పోయాయా?"

"లేదే."

"బాగా చూశారా? చూడండి మేడమ్. వెళ్లేటప్పుడు ఏదో ఒకటి పోకుండా ఉండదు. ఎంత చిన్నదైనా ఫరవాలేదు." సొరుగులోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కనే పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి పసుప్పచ్చది. "చెప్పకుండా వెళ్లిందని రాస్తే తెల్లది. ఖర్చంతా మీ నెత్తిన. దొంగతనం చేసి వెళ్లిందని రాస్తే ఈ పచ్చది. అప్పుడు జామీను వర్తిస్తుంది. మీరు కట్టిన ప్రతి రూపాయీ వెనక్కి వస్తుంది."

"జామీను ఎవరు?"

"ఆమె సొంత అక్క. మా ద్వారానే ఇంకో ఇంట్లో చేస్తోంది. ఆమె జీతంలో నెలనెలా కోసుకుంటాం. ఆ గొడవంతా మాది, మీకెందుకు? రేపు పన్నెండింటిలోపు చెప్పండి చాలు."

ఆ మాటలు అతను ఎంత మామూలుగా అన్నాడంటే, మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.

*

ఇంటికి రాగానే వెతుకులాట మొదలైంది.

బీరువా తీసి చీరలు లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి. గాజుల డబ్బా తీశారు. ఉన్నాయి. వెండి గిన్నె, రెండు వెండి గ్లాసులు, పెళ్లినాటి ఉంగరం, కరెంటు బిల్లుకని డబ్బాలో దాచిన నోట్లు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. చెంచాలు కూడా లెక్కపెట్టారు. పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. పైగా, పోయిందనుకుని ఏడాదిగా వదిలేసిన పదమూడోది కూడా పొయ్యి వెనకనుంచి తీసి కడిగి అందులోనే పెట్టి ఉంది.

"ఉన్నాయి" అంది సూదికళ్లమ్మ. ఆ మాట ఆమె జన్మలో ఇంత నీరసంగా అనలేదు. అన్నాక తుళ్లిపడింది. తన ఇంట్లో తన వస్తువు ఒకటి పోయి ఉంటే బాగుండునని తనే వెతుకుతోంది!

అప్పుడు భర్త దేవుడి గూటి ముందు ఆగిపోయాడు.

ఆ ఇంటికి రెండే గదులు, ఒక వంటిల్లు. దేవుడి గూడు అత్తగారి గదిలో ఉంది. భర్త రోజూ స్నానం చేసి పావుగంటసేపు ఆ గూటి ముందు కూర్చోనిదే మంచినీళ్లు ముట్టడు. పనమ్మాయి వచ్చిన రోజు ఎక్కడ పడుకోబెట్టాలన్న మాట వచ్చింది. అప్పటిదాకా అత్తగారి మంచం పక్కన నేల మీద కోడలే పడుకునేది. ఆ చోట పడుకోమందామంటే భర్త ఒప్పుకోలేదు. "దేవుడున్న గదిలో పరాయి మనిషి పడక ఏమిటి? వంటింట్లో చాప వేసుకోమను" అన్నాడు. మరి రాత్రిపూట అమ్మ పిలిస్తే వంటింట్లోకి ఎలా వినపడుతుంది? దానికీ అతనే ఉపాయం చెప్పాడు. గూట్లో ఉన్న ఇత్తడి గంట తీసి అమ్మ తలాపున బల్ల మీద పెట్టాడు. "దేవుడికేం, గంట లేకపోయినా వింటాడు. అమ్మకు కావాలి" అన్నాడు. ఆ త్యాగానికి ఆ రోజంతా అతని మనసు తేలిగ్గా ఉంది.

ఇప్పుడు ఆ బల్ల మీద మందులు ఉన్నాయి, నీళ్ల సీసా ఉంది. గంట లేదు.

"అమ్మా, గంటేది?"

"నన్నడుగుతావేంరా? రాత్రే లేదుగా" అంది అత్తగారు చిరాగ్గా. "తడుముకుని తడుముకుని చేతులు పడిపోయాయి. పిలిస్తే అదీ పలకలేదు, మీరూ పలకలేదు. తలుపు మూసి ఫ్యాను తిప్పుకుంటే మీకు నా గోడు ఎందుకు వినపడుతుంది?"

భర్త మొహం వెలిగిపోయింది. "మా తాతగారి నాటి గంట! దేవుడి గంట ఎత్తుకుపోయిందే! ఎంత ధైర్యం!" ఆ కోపంలో ఎంత ఉత్సాహం ఉందో అతనికి తెలియలేదు. "చూశావా, దేవుడే దారి చూపించాడు."

"చూపించాడండీ" అంది సూదికళ్లమ్మ. నిజంగానే ఆమె గుండె మీదినుంచి ఏదో దిగినట్టయింది. వస్తువు పోయినందుకు అంత సంతోషించిన దంపతులు ఆ వీధిలో మరొకరు ఉండరు. దేవుడు దారి చూపిస్తాడు, నిజమే. కానీ మనం వెళ్లాలనుకున్న వైపే ఎప్పుడూ చూపిస్తున్నాడంటే, చూపించేది ఆయనేనా అని ఒక్కసారి ఆగి చూసుకోవాలి. ఆ పూట వాళ్లు ఆగలేదు.

*

మర్నాడు బెంచీ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. అంట్లు తోమి తోమి పగిలిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని ఉంది. వీళ్లు లోపలికి రాగానే లేచి నిలబడింది.

"ఈవిడే జామీను" అన్నాడు ఏజెంటు, కుర్చీని చూపించినట్టు చూపిస్తూ.

భర్త పచ్చ కాగితం మీద రాశాడు. ఇత్తడి గంట ఒకటి, పాతది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఏజెంటు దాన్ని గట్టిగా చదివి వినిపించాడు.

"గంటా?" అంది అక్క. ఏడుస్తుందని, కాళ్ల మీద పడుతుందని సూదికళ్లమ్మ నిన్నటినుంచీ గుండె రాయి చేసుకుని ఉంది. ఆ రెండూ జరగలేదు. "ఎన్ని నెలలు కోస్తారు సార్?" అని మాత్రం అడిగింది.

"పద్నాలుగు. రేపు పదింటికి మీ యజమాని దగ్గర చీటీ రాయించుకుని రా. కోతకు సంతకం పెట్టాలి."

"సరే సార్."

ఆ "సరే" సూదికళ్లమ్మకు చెంపదెబ్బలా తగిలింది. పద్నాలుగు నెలలా? తనకు తొమ్మిది నెలల కోత అనేసరికి ప్రపంచం తలకిందులైందే! అయినా ఆమె నోరు ఊరుకోలేదు. "మీ చెల్లెలు చేసిన పనికి మేం రోడ్డున పడ్డామమ్మా. మేమేం తక్కువ చేశాం దానికి? నువ్వే చెప్పు."

అక్క తల దించుకునే అంది. "తక్కువ చేశారని నేననలేదు అమ్మగారూ. పోయిన నెల ఫోను చేసినప్పుడు తిండి బాగా పెడుతున్నారనే చెప్పింది." తలెత్తి సూదికళ్లమ్మ వంక చూసింది. "ఒక్కమాట అడగొచ్చా? రాత్రిళ్లు గంట ఎన్నిసార్లు మోగేదండీ?"

సూదికళ్లమ్మ నోరు తెరిచింది. తన ఇంట్లో, తన గోడ అవతల, నలభై రాత్రులు మోగిన గంట. అది ఎన్నిసార్లు మోగేదో ఆమెకు తెలియదు.

"ఏదో, ముసలావిడ కదా, ఒకటి రెండుసార్లు పిలుస్తుంది" అన్నాడు భర్త.

అక్క సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

*

ఆ సాయంత్రం వంటిల్లు సర్దుతూ సూదికళ్లమ్మ స్టూలు మీద పనమ్మాయి వదిలి వెళ్లిన దిండు తీసింది. ఉతుకుదామని గలీబు లాగింది. లోపల వెలిసిపోయిన నీలం బట్ట దిండు. అంచు వెంబడి మిషను కుట్టు ఉంది. మూడు వైపులా మిషను కుట్టే ఉంది. నాలుగో వైపు మూలనుంచి జానెడు మేర మాత్రం చేతికుట్టు ఉంది. కొత్త దారం.

మామూలు మనిషి అయితే అలాగే ఉతికి ఆరేసేది. ఆమె చేతులు ఆగిపోయాయి. దిండును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టింది. సన్నటి కుట్టు. అన్నీ ఒకే కొలత. ఒక్కటీ తప్పలేదు. పైనుంచి నొక్కి చూస్తే దూది మధ్యలో ఏదో గట్టిగా చేతికి తగిలింది.

కత్తెర తెచ్చి కుట్టు విప్పింది. చెయ్యి పెట్టి బయటికి లాగింది.

గంట.

గంట నాలుకకు మెత్తటి గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టి ఉంది. ఊపి చూసింది. చప్పుడు లేదు. మళ్లీ ఊపింది. చెవుల్లో మాత్రం వాచ్‌మన్ మాట గణగణమంది. రాత్రి బాగా నిద్రపట్టిందన్నా.

డిపో నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎక్కడ దొరికింది?"

చూపించింది. అతను చాలాసేపు దిండు వంకా గంట వంకా మార్చి మార్చి చూశాడు.

"అంత విసుగు పుడితే ఏ చెత్తకుండీలోనో పడెయ్యొచ్చుగా. దిండులో పెట్టి కుట్టడమేంటి?"

"దేవుడి గంట కదండీ" అంది సూదికళ్లమ్మ. "పడెయ్యడానికి చెయ్యి రాలేదేమో. నేల మీద పెట్టకూడదని తల కింద పెట్టుకుంది."

దేవుడున్న గదిలో పడుకోవడానికి పనికిరాని మనిషి! భర్త గంట చేతిలోకి తీసుకుని గూటి ముందుకు వెళ్లాడు. గూట్లో పెట్టలేకపోయాడు. పచ్చ కాగితం మీద తను రాసిన అక్షరాలు అడ్డొచ్చాయి కాబోలు.

"సంతకాలు అయిపోయాయే" అన్నాడు చివరికి. "వస్తువు ఇంట్లోనే ఉందని ఎవరికి తెలుసు?"

"మీరు రోజూ పావుగంటసేపు ఎదురుగా కూర్చుంటారే, ఆయనకు తెలియదా?"

గంటను చూసిన అత్తగారు మంచం మీదినుంచే చెయ్యి చాపింది. "దొరికిందీ? ఇలా తేరా నాయనా. రాత్రి గండం గడిచినట్టయింది నాకు."

సూదికళ్లమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "అత్తయ్యా, రాత్రిళ్లు పనమ్మాయిని ఎన్నిసార్లు పిలిచేవారు?"

"లెక్కపెట్టడానికి నేనేమన్నా నీలాగ ఉద్యోగం చేస్తున్నానా?"

"ఎందుకు పిలిచేవారు? నీళ్లకా?"

ముసలావిడ మొహం పక్కకు తిప్పుకుంది. చిన్నపిల్లలా అంది. "నీళ్లకూ కాదు, దేనికీ కాదు. నిద్రలో పోతానేమోనని భయమే నాకు. గది చీకటి. పక్కన ఎవరూ లేరు. గంట కొడితే అది గుమ్మంలోకి వచ్చి 'ఉన్నాను నానమ్మా' అనేది. అంతే. మళ్లీ వెళ్లి పడుకునేది. మళ్లీ భయం వేసేది, మళ్లీ కొట్టేదాన్ని. పాపం, ఒక్కరోజన్నా విసుక్కోలేదు."

"నేను పడుకున్నప్పుడు ఎప్పుడూ లేపలేదే మీరు?"

"నువ్వు పక్కనే ఉండేదానివిగా. నీ గురక వినపడుతుంటే నాకెందుకు భయం?"

సూదికళ్లమ్మ మంచం పక్కన ఖాళీగా ఉన్న నేల వంక చూసింది. ఇంత చిన్న సంగతా! మంచం పక్కన చాప వేసుకోమంటే సరిపోయేది. గంట అక్కర్లేదు. తెల్ల కాగితమూ అక్కర్లేదు, పచ్చ కాగితమూ అక్కర్లేదు. ఒక్క చాప జరపడానికి ఖర్చెంత?

భర్త మాత్రం ఇంకా లొంగలేదు. "భయపడి నాలుగుసార్లు పిలుస్తుందనుకో. దానికే మనిషి ఇల్లు విడిచి పోతుందా?"

"అయితే ఇవాళ రాత్రి వంటింట్లో ఆవిడ చాప మీద మీరు పడుకోండి" అంది సూదికళ్లమ్మ. "అత్తయ్య గంట కొడితే మీరు వెళ్లండి. రేపు పొద్దున మాట్లాడుకుందాం." గంట నాలుకకు కట్టిన గుడ్డ విప్పి అత్తగారి చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి భర్త వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో డిపోలో వాడే చిన్న పుస్తకం ఉంది. అలవాటు కొద్దీ టైములు రాసుకున్నాడు. ఆమె తీసి చూసింది. పది యాభై. పదకొండు ఇరవై. పదకొండు నలభై. పన్నెండు అయిదు. అలా పేజీ కిందిదాకా ఉన్నాయి. చివరికి అంకెలు కూడా వంకర్లు పోయాయి.

"పంతొమ్మిది" అన్నాడు. "నాలుగింటి తర్వాత రాయడం మానేశాను." తల వెనక్కి గోడకు ఆనించాడు. "పదహారోసారి అమ్మ మీద చెయ్యెత్తానే. కొట్టలేదు. ఎత్తాను. సొంత అమ్మ మీద! ఒక్క రాత్రికే!"

సూదికళ్లమ్మ పుస్తకం మూసింది. కాఫీ కలిపి చేతిలో పెట్టింది. అతను తాగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అతను ఇంకా స్నానం చెయ్యలేదు, గూటి ముందు కూర్చోలేదు.

"ముందు ఆఫీసుకు వెళదాం పద" అన్నాడు లేచి. "పదింటికి ఆ అమ్మాయి అక్క సంతకం పెట్టేస్తుంది. పూజ వచ్చాక చేసుకుంటాను."

పాతికేళ్ల కాపురంలో అతని నోట ఆమె ఆ మాట వినడం అదే మొదలు.

*

అక్క అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది, చేతిలో యజమాని ఇచ్చిన చీటీతో. ఏజెంటు పెన్ను మూత తీస్తున్నాడు. సూదికళ్లమ్మ సంచీలోంచి గంట తీసి బల్ల మీద పెట్టింది. దాని చప్పుడుకు ఏజెంటు కూడా ఉలిక్కిపడ్డాడు.

"వస్తువు ఇంట్లోనే ఉంది. పచ్చ కాగితం ఇవ్వండి, చించేస్తాం."

"మేడమ్!" ఏజెంటుకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. ఆ మూడు రోజుల్లో అతనికి ఆశ్చర్యం వేసింది అదొక్కసారే. "దొరికితే దొరికింది, ఇంట్లో ఉంచుకోండి. నాతో చెప్పడమెందుకు? డబ్బు వెనక్కి వస్తుంటే కాలదన్నుకుంటారా ఎవరన్నా?"

"తెల్ల కాగితం ఇవ్వవయ్యా" అన్నాడు భర్త.

ఏజెంటు నిట్టూర్చి ఇచ్చాడు. ఖర్చులన్నీ యజమానివే అన్న వరస కింద భర్త సంతకం పెట్టాడు. తొమ్మిది నెలల కోత తొమ్మిది నెలలే, తక్కువేమీ కాదు. కింద ఇంకో గడి ఉంది, వెళ్లిపోవడానికి కారణం అని.

"ఇంటి మీద బెంగ అని రాయండి" అన్నాడు ఏజెంటు. "అందరూ అదే రాస్తారు. లేకపోతే ప్రేమ వ్యవహారం."

సూదికళ్లమ్మ కాగితం తనవైపు లాక్కుంది. కంపెనీలో తప్పుపట్టిన చొక్కా మీద చీటీ రాసినట్టు పొట్టిగా రాసింది. నలభై రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఏజెంటు తలకిందులుగానే చదివి నాలుక కరుచుకున్నాడు. "ఇలా రాస్తే ఇంకే మనిషినీ మీ ఇంటికి పంపలేను మేడమ్. ఫైల్లో ఉండిపోతుంది."

"ఉండనివ్వండి."

"మరి సోమవారం ఏం చేస్తారు?"

మధ్యాహ్నం షిఫ్టు అడుగుతానని దారిలో భర్త అన్నాడు. అత్తగారి పక్కన చాప తనదేనని కూడా అన్నాడు. డిపోవాళ్లు ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇచ్చినా మధ్యలో రెండు గంటలు ఖాళీ పడుతుంది. దానికి పక్కింటావిణ్ణి బతిమాలుకోవాలి.

అక్క ఇంకా అలాగే నిలబడి ఉంది. తను సంతకం పెట్టనక్కర్లేదని ఆమెకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. సూదికళ్లమ్మ సంచీలోంచి ఒక కవరు తీసి ఆమె చేతిలో పెట్టింది. "రెండో నెలలో పనిచేసిన రోజుల జీతం. మొదటి నెలది ఆయన దగ్గరుంది." ఏజెంటు వంక చూసింది. అతను ఫోనులో ఏదో వెతుక్కుంటున్నాడు. "అది నేను అడుగుతూనే ఉంటాను."

తర్వాత దిండు తీసింది. నీలం బట్ట దిండు, దులిపి శుభ్రం చేసింది.

అక్క కళ్లు అప్పుడు చెమర్చాయి. "ఇది మా ఇంటి దిండేనండీ. దీనిమీద తప్ప దానికి నిద్రపట్టదు. వదిలేసి వచ్చాననే ఏడ్చింది ఫోనులో."

అంటే ఎక్కడుందో ఈమెకు తెలుసన్నమాట. ఏజెంటు ఫోనులోంచి తలెత్తాడు. సూదికళ్లమ్మ ఏమీ అడగలేదు.

"గంట తీయడానికి నేనే విప్పాను" అంది, జానెడు మేర ఉన్న కుట్టు చూపించి. "మళ్లీ నేనే కుట్టాను. చూడు, రెండు చోట్ల వంకర పోయింది. మీ చెల్లెలి కుట్టు ఒక్కటి కూడా తప్పలేదమ్మా. పదిహేనేళ్లుగా కుట్లకు వంకలు పెడుతున్నాను, దానికి పెట్టలేకపోయాను. ఆ మాట ఆవిడకు చెప్పు."

అక్క దిండును గుండెలకు అదుముకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. బల్ల మీది గంటను భర్త రెండు చేతులతో తీసుకున్నాడు. నాలుక పట్టుకుని, చప్పుడు కాకుండా, ఇంటిదాకా అలాగే మోసుకొచ్చాడు.